మినుము, పెసర, చిక్కుడు పంటల్లో ట్రైకోడెర్మా: శ్రీకాకుళం, విజయనగరం రైతులు తరచుగా అడిగే ప్రశ్నలు

చేలో మొక్కలు అక్కడక్కడా వాడి ఎండిపోతున్నాయి. ఇప్పుడు ట్రైకోడెర్మా పోస్తే లేస్తాయా?

లేవవు. మొక్క వాలిపోయి ఎండుతోందంటే తెగులు శిలీంధ్రం అప్పటికే వేరులోకి దిగిపోయిందని అర్థం. ట్రైకోడెర్మా అనేది తెగులు శిలీంధ్రాన్ని తినే మరో శిలీంధ్రం. అది పనిచేసేది వేరు చుట్టూ ఉన్న మట్టిలోనూ, వేరు పైపొర మీదా. చచ్చిన వేరును బతికించే శక్తి దానికి లేదు, మరే మందుకూ లేదు. ఎండిన మొక్కల్ని వేర్లతో సహా పీకి, చేను బయటకు తెచ్చి కాల్చేయండి. పక్కనున్న పచ్చటి మొక్కల మొదళ్లు తడిసేలా లీటరు నీటికి 10 గ్రాముల ట్రైకోడెర్మా పొడి కలిపి పోయవచ్చు. తెగులు జోరుగా పాకుతుంటే మాత్రం దీన్ని నమ్ముకుని కూర్చోవద్దు. అలాంటప్పుడు లీటరు నీటికి 3 గ్రాముల కాపర్ ఆక్సీక్లోరైడ్ కలిపి మొదళ్లలో పోయడమే మేలు. రెండూ కలిపి పోయకండి, రాగి మందు ట్రైకోడెర్మానూ దెబ్బతీస్తుంది.

ఈ ప్రశ్న ఏటా జనవరి, ఫిబ్రవరి నెలల్లో వస్తుంది. రావాల్సింది నవంబరులో, విత్తనాల సంచి విప్పకముందు.

అసలు ట్రైకోడెర్మా అంటే మందా, ఎరువా?

రెండూ కాదు. అదీ ఒక శిలీంధ్రమే, అంటే బూజు జాతి. మన మట్టిలో సహజంగానే ఉంటుంది. 1794లోనే దీనికి పేరు పెట్టారు గానీ, ఇది వేరే శిలీంధ్రాన్ని తినేస్తుందని 1932లో వైండ్లింగ్ అనే శాస్త్రవేత్త చూపించాడు. అప్పుడు ఆయన చూసింది రైజోక్టోనియా అనే వేరుకుళ్లు శిలీంధ్రం మీద. మన మినుము చేలల్లో ఇప్పటికీ తలనొప్పి తెచ్చేవాటిలో అదొకటి.

ప్యాకెట్‌లో ఉండేది టాల్కం పొడి లాంటి వాహకంలో కలిపిన దాని బీజాలు. తడి తగలగానే అవి మొలిచి సన్నని పోగులుగా సాగుతాయి. ఆ పోగులు తెగులు శిలీంధ్రం పోగుల్ని చుట్టుకుని, వాటి గోడను కరిగించే ఎంజైములు వదిలి, లోపలి సారం పీల్చేస్తాయి. ఇదొక్కటే కాదు. వేరు చుట్టూ ఉన్న చోటును, తిండిని అది ముందే ఆక్రమించేస్తే వెనక వచ్చిన తెగులుకు మిగిలేది తక్కువ. కొన్ని రకాలు తెగులును ఆపే పదార్థాల్ని కూడా మట్టిలోకి వదులుతాయి. మొక్కలో సొంత రక్షణ కాస్త పెరుగుతుందని కూడా పరిశోధనల్లో తేలింది.

ఇదంతా ముందుగా వెళ్లి చోటు పట్టుకునే వ్యవహారం. రైలు జనరల్ బోగీలో సీటు మీద ముందే తువ్వాలు వేసుకోవడం లాంటిది. విత్తనంతోపాటే నేలలోకి దింపమని చెప్పేది అందుకే.

విరిడి కొనాలా, హార్జియానం కొనాలా?

రెండూ ట్రైకోడెర్మాలో రకాలే. ఏది తాజాగా దొరికితే అది. మన పంటలకు రెండూ పనికొస్తాయి. పేరు కంటే తయారైన తేదీ ముఖ్యం.

అపరాల్లో ఏయే తెగుళ్లకు ఇది పనిచేస్తుంది? వాటిని ఎలా గుర్తుపట్టాలి?

నేల నుంచీ, విత్తనం నుంచీ వచ్చే వేరు తెగుళ్లకు పనిచేస్తుంది. మన జిల్లాల్లో ముఖ్యంగా చూడాల్సినవి ఇవి.

ఎండు వేరుకుళ్లు: దీనికి కారణం మాక్రోఫోమినా అనే శిలీంధ్రం. మొక్క పూత, కాయ దశలో ఉండగా నాలుగైదు రోజుల్లో గడ్డిరంగుకు తిరిగి ఎండిపోతుంది. పీకితే తల్లివేరు ఒక్కటే వస్తుంది, పిల్లవేర్లు తెగి నేలలోనే ఉండిపోతాయి. వేరు పెళుసుగా విరుగుతుంది. బెరడు గీకి చూస్తే నల్లటి సన్నని చుక్కలు కనిపిస్తాయి. దీనికి 30 నుంచి 35 డిగ్రీల వేడి, నేలలో తేమ తగ్గడం బాగా నచ్చుతాయి. వరి తర్వాత మిగిలిన తేమ మీదే పండే మినుము, పెసరలకు సరిగ్గా అదే పరిస్థితి ఎదురవుతుంది. నెల్లిమర్ల, గజపతినగరం వైపు ఎర్ర ఇసుక నేలల్లో తేమ ఇంకా తొందరగా పోతుంది కాబట్టి అక్కడ మరింత జాగ్రత్తగా ఉండాలి.

మొదలుకుళ్లు: స్క్లీరోషియం వల్ల వస్తుంది. భూమికి ఆనుకున్న చోట కాండం మీద తెల్లటి బూజు పరుచుకుంటుంది, దాని మీద ఆవగింజలంత గోధుమరంగు గుళ్లు పుడతాయి. వేరుశనగ వేసేవాళ్లకు ఇది పాత పరిచయమే. నిన్నటిదాకా వేరుశనగ ఉన్న చేలో ఇవాళ బొబ్బర్లు వేస్తే ఆ గుళ్లు అక్కడే కాచుకుని ఉంటాయి.

ఫ్యుజేరియం ఎండు తెగులు: మొక్క మొదట ఒక కొమ్మ వాలుస్తుంది, తర్వాత మొత్తం వాడుతుంది. కాండం నిలువుగా చీలిస్తే లోపల గోధుమరంగు చార కనిపిస్తుంది. కందిలో ఎక్కువ, పందిరి చిక్కుడులోనూ వస్తుంది.

ఇక నారుకుళ్లు. మొలక భూమి మట్టానికి మెత్తబడి పడిపోతుంది. విత్తనశుద్ధికి బాగా లొంగేది ఇదే.

బూడిద తెగులు, పల్లాకు తెగులు పోతాయా?

పోవు. దుకాణంలో ఎవరైనా పోతాయని చెబితే ప్యాకెట్ అక్కడే పెట్టి వచ్చేయండి. పల్లాకు తెగులు వైరస్, తెల్లదోమ మోసుకొస్తుంది. దానికి తట్టుకునే రకం ఎంచుకోవడం, దోమను అదుపులో పెట్టడం తప్ప దారి లేదు. బూడిద తెగులు శిలీంధ్రమే గానీ ఆకు పైన బతుకుతుంది, నేలలో వేసిన ట్రైకోడెర్మా దాని దాకా చేరదు. లీటరు నీటికి 3 గ్రాముల నీటిలో కరిగే గంధకం పిచికారీ చేస్తే సరిపోతుంది. బూడిద తెగులును తినే మరో మంచి శిలీంధ్రం ఉంది, దాని పేరు ఆంపెలోమైసిస్. దొరికితే వాడొచ్చు, కానీ పల్లెల్లో దొరకడం కష్టం. తుప్పు తెగులు, సర్కోస్పోరా ఆకుమచ్చలకు కూడా ట్రైకోడెర్మాను నమ్ముకోవద్దు.

ట్రైకోడెర్మా పొడిని ఆకుల మీద కొట్టేవాళ్లు ఉన్నారు. ఎండకు బీజాలు చచ్చిపోతాయి, ఆకు మీద తేమ నిలవదు. నా లెక్కలో అది డబ్బు గాలికి వదలడమే.

విత్తనశుద్ధి ఎలా చేయాలి? మోతాదు ఎంత?

కిలో విత్తనానికి 10 గ్రాములు. వరి మాగాణిలో చల్లే మినుముకు ఎకరానికి 16 కిలోల విత్తనం అనుకుంటే 160 గ్రాముల పొడి చాలు. ఇంత తక్కువ ఖర్చుతో అయ్యే పని ఈ పంటలో మరొకటి లేదు.

కొంచెం బెల్లం నీళ్లు కాచి పూర్తిగా చల్లారనివ్వండి. గంజి నీళ్లయినా సరే, వేడి మాత్రం ఉండకూడదు. విత్తనాన్ని టార్పాలిన్ మీద పరిచి, పైన తడి అంటీ అంటనట్టు చిలకరించండి. ఇక్కడే చాలామంది చెడగొట్టుకుంటారు. మినుము, పెసర పొట్టు పలుచన, నీళ్లు ఎక్కువైతే ఉబ్బి ఊడిపోతుంది, ఆ గింజ మొలకెత్తినా బలం ఉండదు. జిగురు అంటేంత తడి చాలు. పొడి చల్లి చేత్తో మెల్లగా కలపండి. ప్రతి గింజకూ పలుచగా పొర పట్టాక నీడలో అరగంట ఆరనిచ్చి ఆ రోజే విత్తేయండి. ఎండలో ఆరబెట్టారో, చేసిన పనంతా వృథా.

థైరమ్, కార్బెండజిమ్, ఇమిడాక్లోప్రిడ్, రైజోబియం: వీటితో కలపొచ్చా?

కార్బెండజిమ్‌తో అస్సలు వద్దు. అది కొద్ది మోతాదులోనే ట్రైకోడెర్మాను చంపేస్తుంది. దుకాణాల్లో అమ్మే కొన్ని జంట మందుల్లో కూడా కార్బెండజిమ్ ఉంటుంది, డబ్బా మీద చదివి చూసుకోండి. థైరమ్, కాప్టాన్ అంతటి శత్రువులు కాకపోయినా వాటిని పట్టించి వెంటనే ట్రైకోడెర్మా కలపడంలో అర్థం లేదు. శిలీంధ్రాన్ని చంపే మందు, శిలీంధ్రం, ఈ రెండింటిలో ఒకటి ఎంచుకోండి. సొంత విత్తనం శుభ్రంగా ఉండి, నిరుడు ఆ చేలో వేరుకుళ్లు కనిపించి ఉంటే నేను ట్రైకోడెర్మా వైపే మొగ్గుతాను. విత్తనం మీద మచ్చలుండి, ఎక్కడిదో తెలియకపోతే రసాయన మందే నయం.

ఇమిడాక్లోప్రిడ్ పురుగుమందు, దానితో పెద్ద గొడవ లేదు. తొలి దశలో తెల్లదోమ, తామర పురుగుల కోసం దాన్ని ముందు రోజు పట్టించి ఆరనివ్వండి. మర్నాడు ట్రైకోడెర్మా, చివరగా విత్తే ముందు రైజోబియం (అపరాల వేర్లకు నత్రజని అందించే బ్యాక్టీరియా). వరుస ఎప్పుడూ ఇదే: రసాయనం ముందు, ప్రాణమున్నవి తర్వాత. రైజోబియం, ట్రైకోడెర్మా రెండూ ఒకే గింజ మీద ఇబ్బంది లేకుండా ఉంటాయి.

మా దగ్గర వరి కోయకముందే మినుము చల్లేస్తాం. దుక్కి ఉండదు. మరి నేలలో ట్రైకోడెర్మా ఎలా వేయాలి?

వంశధార, నాగావళి ఆయకట్టుల్లో అందరూ అడిగేది ఇదే. నిజం చెప్పాలంటే, ఆ పద్ధతిలో నేలలో వేయడానికి చోటు లేదు. పుస్తకాల్లో ఆఖరి దుక్కిలో వేయమని రాసి ఉంటుంది. వరి ఇంకా నిలబడి ఉండగా, కోతకు రెండు మూడు రోజుల ముందు విత్తనం వెదజల్లే చేలో ఆఖరి దుక్కి ఎక్కడిది? కాబట్టి మాగాణి అపరాలకు విత్తనశుద్ధే మొదటిదీ చివరిదీ. దాన్ని వదిలేస్తే మళ్లీ అవకాశం రాదు.

ఈ పద్ధతిలో మనకు కలిసొచ్చేది కూడా ఒకటుంది. వరి మడిలో నెలల తరబడి నీళ్లు నిలవడం వల్ల మాక్రోఫోమినా, స్క్లీరోషియం గుళ్లు కొంతవరకు చచ్చిపోతాయి. అందుకే మెట్ట చేలతో పోలిస్తే మాగాణిలో వేరుకుళ్లు తగ్గే వీలుంది. ప్రమాదం చివర్లో వస్తుంది. ఫిబ్రవరిలో ఎండ ముదిరి, నేల నెర్రెలిచ్చి, మొక్క నీటికి అల్లాడుతున్నప్పుడు మాక్రోఫోమినా చెలరేగుతుంది. దురదృష్టం ఏమిటంటే ఆ ఎండిన నేలలో ట్రైకోడెర్మా కూడా నీరసపడుతుంది. దానికి 25 నుంచి 30 డిగ్రీల వేడి, నేలలో తడి ఉంటేనే హుషారు. కాబట్టి ఆలస్యంగా విత్తకండి. డిసెంబరు నెలాఖరు దాటి విత్తిన మినుమును ఏ శిలీంధ్రమూ కాపాడలేదు. కాలువలోనో బోరులోనో ఒక తడికి నీళ్లుంటే పూత, కాయ దశలో ఇవ్వండి. వేరుకుళ్లు మీద ఆ ఒక్క తడి చేసే పని మందుకంటే తక్కువేమీ కాదు.

మెట్ట చేలకు గత్తంలో పెంచి వేయమంటారు. ఎలా?

90 కిలోల బాగా చివికిన పశువుల గత్తం, 10 కిలోల వేపపిండి, 2 కిలోల ట్రైకోడెర్మా. ఇది ఎకరానికి. చెట్టు నీడలోనో పశువుల శాల పక్కనో మూడింటినీ కలిపి, నీళ్లు చిలకరించి, జానెడు ఎత్తు మించకుండా పరవండి. తడి ఎంతుండాలంటే, పిడికిట్లో నొక్కితే ముద్ద కట్టాలి, వేళ్ల సందుల్లోంచి నీళ్లు కారకూడదు. పైన తడిపిన గోనె సంచులు గానీ తాటాకులు గానీ కప్పండి. మూడు నాలుగు రోజులకోసారి తిరగేసి, ఆరితే మళ్లీ నీళ్లు చల్లండి. 7 నుంచి 10 రోజుల్లో సిద్ధమవుతుంది, చలి ఎక్కువగా ఉంటే ఇంకొన్ని రోజులు.

పచ్చి పేడ వాడకండి. అది కుళ్లేటప్పుడు లోపల వచ్చే వేడికి ట్రైకోడెర్మా ఉడికిపోతుంది. గత్తం పాతదై, మట్టి వాసన రావాలి.

ఆ వంద కిలోలను ఎకరమంతా చల్లితే ఎక్కడా ఆనదు. సాలులో విత్తనం పడే చోట వేయడం మంచిది. నేలలో తడి ఉన్న రోజు, సాయంత్రం పూట వేసి మట్టి కప్పండి. ఉలవలు, బొబ్బర్లు, కంది వేసే చీపురుపల్లి, టెక్కలి వైపు మెట్ట చేలకు ఇది బాగా నప్పే పద్ధతి.

పది రోజులైనా గత్తం మీద ఆకుపచ్చ రంగు రాలేదు. పాడైందా?

తప్పనిసరిగా కాదు. తెల్లటి పోగులు కనిపిస్తే పెరుగుతున్నట్టే, ఆకుపచ్చ తర్వాత వస్తుంది. ఏమీ కనిపించక, కుళ్లు వాసన వస్తుంటే నీళ్లు ఎక్కువయ్యాయి. ఏమీ లేక పొడిపొడిగా ఉంటే నీళ్లు చాలలేదు, లేదా ప్యాకెట్‌లో ప్రాణం లేదు. ఇంకో మాట. ఆకుపచ్చగా కనిపించిందల్లా ట్రైకోడెర్మా కాదు, పాత రొట్టె మీద పట్టే బూజు కూడా ఆకుపచ్చే. అందుకని ఒకసారి పెంచిన గత్తంలోంచి కొంత తీసి మరో గత్తానికి తోడు పెట్టుకుంటూ పోకండి. రెండు మూడు విడతలకే అందులో ఏమేమి చేరతాయో చెప్పలేం. ప్రతిసారీ కొత్త ప్యాకెట్‌తోనే మొదలుపెట్టండి.

పందిరి చిక్కుడు, ఫ్రెంచ్ బీన్స్‌కు పద్ధతి వేరా?

పందిరి చిక్కుడుకు సులువు, ఎందుకంటే గుంటలుంటాయి. పెంచిన గత్తం గుంటకు రెండు గుప్పిళ్లు వేసి, విత్తనాన్ని కూడా శుద్ధి చేసి పెట్టండి. ఈ పంట నెలల తరబడి నిలిచి ఉంటుంది కాబట్టి నెలా నెలన్నర తర్వాత మొదళ్లలో మరోసారి వేయడం మంచిది. మొదట్లో నీళ్లు నిలవకుండా బోదె ఎత్తుగా ఉండాలి. అది లేకపోతే ఎన్నిసార్లు వేసినా ఫలితం అంతంత మాత్రమే.

ఫ్రెంచ్ బీన్స్ గురించి వెతికితే విదేశాల్లో తెల్లబూజు తెగులు మీద ట్రైకోడెర్మా వాడతారని చాలా సమాచారం దొరుకుతుంది. బ్రెజిల్‌లో ఇది పెద్ద ఎత్తున జరుగుతోంది. ఆ తెగులుకు కారణం స్క్లీరోటీనియా, అది చల్లటి, తేమ నిండిన వాతావరణం కోరుకుంటుంది. మన మైదానాల్లో భయపడాల్సింది పేరులో దానికి దగ్గరగా ఉండే స్క్లీరోషియం గురించి. అది వేడికి పెరిగే రకం. అక్కడి షెడ్యూలును తెచ్చి ఇక్కడ దించుకోవద్దు.

యూరియా, డీఏపీతో కలిపి చల్లొచ్చా?

వద్దు. ఎరువు వేసిన వారం పది రోజుల తర్వాత వేయండి.

ప్రకృతి వ్యవసాయం చేస్తున్నాం. బీజామృతంతో కలపాలా?

కలిపి నానబెట్టకండి. బీజామృతంలో ఆవు మూత్రం, సున్నం ఉంటాయి. ట్రైకోడెర్మాకు కొంచెం పులుపు వైపు ఉన్న నేల, నీరు ఇష్టం, సున్నపు ఘాటు కాదు. బీజామృతం పట్టించి నీడలో పూర్తిగా ఆరాక పైన ట్రైకోడెర్మా పొడి పట్టించుకోవచ్చు. ఘనజీవామృతం (పేడతో చేసే ఎరువు) వేసే చేలో మాత్రం దీనికి తిండి బాగా దొరుకుతుంది. సేంద్రియ పదార్థం లేని నేలలో ట్రైకోడెర్మా ఎక్కువ కాలం నిలవదు. ఎన్ని ప్యాకెట్లు పోసినా ఫలితం లేదని చెప్పేవాళ్ల చేలు చూస్తే, చాలావరకు గత్తం ముఖం చూసి ఏళ్లయినవే.

ప్యాకెట్ కొనేటప్పుడు ఏం చూడాలి?

తయారైన తేదీ, గడువు తేదీ, బ్యాచ్ నంబరు, రిజిస్ట్రేషన్ నంబరు. పురుగుమందుల చట్టం కింద దీనికీ రిజిస్ట్రేషన్ తప్పనిసరి. ఒక శాతం పొడి అయితే గ్రాముకు కనీసం 20 లక్షల జీవకణాలు ఉన్నట్టు రాసి ఉండాలి. టాల్కం పొడి రకాలకు ఆయుష్షు ఇంచుమించు ఆరు నెలలు, అది కూడా చల్లగా ఉంచితేనే. దుకాణం ముందు ఎండలో, రేకుల షెడ్డులో పేర్చిన ప్యాకెట్ తేదీ బాగున్నా కొనకండి. యూరియా బస్తాల పక్కన మే నెలంతా గడిపిన ప్యాకెట్‌లో మిగిలేది తెల్ల పొడే.

మీ రైతు సేవా కేంద్రంలో ముందుగా ఇండెంట్ పెట్టించమని అడగండి. శ్రీకాకుళం జిల్లాలో ఆమదాలవలస కృషి విజ్ఞాన కేంద్రం, నైరా వ్యవసాయ కళాశాల, విజయనగరంలో వ్యవసాయ పరిశోధన స్థానం ఉన్నాయి. తెగులు ఏదో తేల్చుకోలేకపోతే ఎండిన మొక్కను వేర్లతో, మట్టితో సహా తీసుకెళ్లి చూపించండి. ఫోనులో ఆకు ఫొటో పంపితే వేరు తెగులు ఎవరికీ తెలియదు.

తుఫాను వానకు చేలో నీళ్లు నిలిచాయి. ట్రైకోడెర్మా వేయాలా?

ముందు నీళ్లు తీయండి. తిత్లీ, హుద్‌హుద్ రెండూ అక్టోబరులోనే వచ్చాయి, డిసెంబరు దాకా వాయుగుండాల టెన్షన్ తప్పదు. నీళ్లలో మునిగిన వేరుకు గాలి అందదు, అలాంటి నేలలో ట్రైకోడెర్మా కూడా పనిచేయదు. కాలువలు తీసి, నేల ఆరి అడుగు దిగబడకుండా అయ్యాక మొదళ్లలో పోయండి. మొలక దశలో రెండు రోజులకు మించి మునిగిన పెసరను కాపాడే ప్రయత్నం కన్నా మళ్లీ విత్తుకోవడం చౌక, ఈసారైనా విత్తనశుద్ధి చేసి.

సూడోమోనాస్, బవేరియా కూడా ఇలాంటివేనా?

సూడోమోనాస్ బ్యాక్టీరియా. తెగుళ్ల మీదే పనిచేస్తుంది. బవేరియా, మెటారైజియం శిలీంధ్రాలే గానీ అవి పురుగుల్ని చంపుతాయి, వేరుకుళ్లుకు సంబంధం లేదు. ప్యాకెట్లన్నీ ఒకేలా తెల్లగా ఉంటాయి కాబట్టి పేరు చదివి తీసుకోండి.

ఏటా వేయాలా?

విత్తనశుద్ధి ప్రతి పంటకూ చేయాలి. నేలలో వేసేది గత్తం బాగా తోలే చేలలో కొన్నేళ్లకు తగ్గించుకోవచ్చు. వేరుకుళ్లు ఎక్కువగా ఉన్న చేలో మాత్రం ఒక ఏడాది రాగులో నువ్వులో వేద్దామనుకునేవాళ్లు రాగులే వేయండి. మాక్రోఫోమినా నువ్వుల మీదా బతుకుతుంది.

మనుషులకు, పశువులకు హాని ఉందా?

మామూలుగా ఉండదు. పొడి ఎగిరి ముక్కులోకి పోకుండా గుడ్డ కట్టుకోండి, తర్వాత చేతులు కడుక్కోండి. ఆస్తమా ఉన్నవాళ్లు, రోగనిరోధక శక్తి బాగా తగ్గినవాళ్లు ఈ పని ఇంట్లో మరొకరికి అప్పజెప్పడం మంచిది. శుద్ధి చేయగా మిగిలిన విత్తనం కోళ్లకు వేయకండి, ముఖ్యంగా దానికి ఇమిడాక్లోప్రిడ్ కూడా పట్టించి ఉంటే.

ఇంట్లో ఎవరైనా పుట్టగొడుగులు పెంచుతుంటే మాత్రం ట్రైకోడెర్మా ప్యాకెట్‌ను ఆ గది ఛాయలకు కూడా తీసుకెళ్లకండి. పుట్టగొడుగు కూడా శిలీంధ్రమే. వాళ్లు ఆకుపచ్చ బూజు అని తల పట్టుకునేది దీన్నే. గత్తం కలిపిన బట్టలతో ఆ షెడ్డులోకి వెళ్లినా బీజాలు అంటుకుంటాయి. స్నానం చేసి, బట్టలు మార్చుకున్నాకే వెళ్లండి.